మా రోజుల్లో బ్రౌజర్ నోరు మెదిపేది కాదు

మా రోజుల్లో మనం తప్పు చేస్తే బ్రౌజర్ చెప్పేది కాదండీ. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో కింద ఎడమ మూల ఎవరి కంటా పడనంత చిన్న పసుపు త్రికోణం ఒకటి ప్రత్యక్షమయ్యేది. దాని మీద రెండుసార్లు నొక్కితే పెట్టె తెరుచుకుని "ఆబ్జెక్ట్ ఎక్స్‌పెక్టెడ్" అనేది. అంతే. ఏ ఆబ్జెక్టు, ఎక్కడ, ఎవరికి కావాలి అన్నది మన ప్రారబ్ధం. లైను నంబరు ఇచ్చేది గానీ, స్క్రిప్టు వేరే ఫైల్లో ఉంటే ఆ నంబరు ఏ ఫైలుదో మనమే ఊహించుకోవాలి. నెట్‌స్కేప్ అయితే ఆ త్రికోణం కూడా చూపించేది కాదు. అడ్రసు గడిలో "జావాస్క్రిప్ట్" అని కొట్టి, పక్కన రెండు చుక్కలు పెట్టి ఎంటర్ నొక్కితే తప్ప దాని మనసులో మాట బయటికి వచ్చేది కాదు. ఈ రహస్యం తెలిసినవాడికి మా బ్యాచ్‌లో టీ ఫ్రీ.

ఇప్పటి పిల్లల సంగతి చూడండి. మా మేనకోడలు ఫ్రంట్ ఎండ్ నేర్చుకుంటానని కూర్చుంది. అందరిలా జావాస్క్రిప్టుతో మొదలుపెట్టకుండా ఎల్మ్ అనే ఫంక్షనల్ భాష పట్టుకుంది. ఎవరో స్నేహితురాలు చెప్పిందట, దీంతో మొదలుపెడితే బుర్ర శుభ్రపడుతుందని. మంచిదే అనుకున్నాను. ఒక సాయంత్రం పిలిచింది.

"మామయ్యా, ఇది ఎర్రర్ ఇస్తోంది."

"ఏమంటోందమ్మా?"

"ఏమో, ఏదో పెద్దగా రాసింది."

"చదివావా?"

"అంతా చదవాలా? ఏఐలో పేస్ట్ చేస్తే చెప్తుందిగా."

నేను కళ్లజోడు పెట్టుకుని చదివాను. అందులో ఉన్నది తెలుగులో చెప్తే ఇంతే: స్ట్రింగ్ విలువలతో నేను కూడిక చెయ్యలేను, కూడిక గుర్తు పూర్ణాంకాలకీ దశాంశాలకీ మాత్రమే పనిచేస్తుంది, అక్షరాలు అతికించాలంటే రెండు ప్లస్‌ల గుర్తు వాడండి. ఏ ఫైలో పైన ఉంది. ఏ లైనో పక్కన ఉంది. తప్పు ఉన్న ముక్క కింద ఎర్రగా గీత గీసి మరీ చూపించింది. ఇంత చెప్పినా చదవకపోతే ఇంకేం చెయ్యాలి, ఇంటికొచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకోవాలా?

ఇదే తప్పు మేం చేసినప్పుడు ఏమైందో వినండి. ఒక చీరల దుకాణానికి ఆర్డరు పేజీ చేశాం. ఎన్ని చీరలు కావాలో గడిలో కొడితే, పక్కనున్న మీట నొక్కినప్పుడు ఇంకొకటి కలపాలి. గడిలో ఉన్నది సంఖ్యలా కనపడుతుంది గానీ జావాస్క్రిప్టు దృష్టిలో అది అక్షరాలు. కాబట్టి ఐదుకి ఒకటి కలిపితే 51 అయింది. తీసివేత మీట మాత్రం చక్కగా పనిచేసింది, ఎందుకంటే తీసివేతకి ఆ భాష అక్షరాలని తనంతట తనే సంఖ్యగా మార్చుకుంటుంది. కలిపితే 51, తీస్తే 4. బ్రౌజర్ కుయ్‌మనలేదు, కయ్‌మనలేదు. దుకాణం యజమాని మాత్రం అన్నాడు, చాలా అన్నాడు.

మా చదువు అమీర్‌పేట చదువు. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనపడితే చాలు కోర్సు పోస్టరు ఉండేది. డెమో క్లాసు ఉచితం, తర్వాత ఫీజు, దాంతోపాటు జిరాక్సు మెటీరియల్. ఆ జిరాక్సుకి జిరాక్సు తీసి, మళ్లీ దానికి జిరాక్సు తీసేసరికి కామా ఏదో చుక్క ఏదో తెలిసేది కాదు. కామా ఎంత ప్రాణం తీసేదో ఇప్పటివాళ్లకి తెలీదు. ఆబ్జెక్టులో చివరి గుణం తర్వాత పొరపాటున కామా మిగిలిపోతే మిగతా బ్రౌజర్లు సర్దుకుపోయేవి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మాత్రం స్క్రిప్టు మొత్తాన్నీ పక్కన పడేసేది.

తేదీల గొడవ ఇంకోటి. జావాస్క్రిప్టులో నెలలు సున్నా నుంచి లెక్క, రోజులు ఒకటి నుంచి లెక్క. సంవత్సరం అడిగితే 1900 తీసేసి మిగిలింది చెప్పేది. దాని ముందు 19 అతికించి చూపించిన పేజీలెన్నో 2000 జనవరి 1న ఇది 19100వ సంవత్సరమని ప్రకటించాయి. సున్నాతో మొదలయ్యే అంకెలని పదికి బదులు ఎనిమిది ఆధారంగా చదివే అలవాటు కూడా ఉండేది, అందుకని "08" ని సంఖ్యగా మార్చమంటే సున్నా ఇచ్చేది. "07" బాగుండేది, "10" బాగుండేది. మన ఫారం ఆగస్టులోనూ సెప్టెంబరులోనూ మాత్రమే చెడిపోయేది. వచ్చే ఆగస్టు దాకా ఆగితే గానీ తెలియని తప్పులండీ అవి. 2009లో భాష ప్రమాణం మారాక గానీ ఆ పీడ వదల్లేదు.

తప్పు ఎక్కడుందో పట్టుకోవాలంటే మాకున్న ఆయుధం అలర్ట్ ఒక్కటే. ఇక్కడిదాకా వచ్చిందా, ఒక అలర్ట్. ఇక్కడికొచ్చిందా, ఇంకో అలర్ట్. లూపులో అలర్ట్ పెట్టి మర్చిపోతే ఓకే నొక్కుతూ కూర్చోవడమే, పెట్టె మూస్తే ఇంకో పెట్టె, చివరికి బ్రౌజర్‌నే చంపాలి. నెట్ కేఫ్‌లో అయితే ఆ నొక్కుళ్లకి కూడా గంట లెక్కన డబ్బులు. 2006లో తప్పులు వెతికిపెట్టే ఫైర్‌బగ్ వచ్చినప్పుడు, అదే ఏడు జేక్వెరీ లైబ్రరీ వచ్చినప్పుడు, మాకు పండగే. అప్పటికే సగం జుట్టు పోయింది.

ఇప్పుడు ఎల్మ్‌లో డీబగ్గర్ చూపించింది మా మేనకోడలమ్మాయి. ఏ మీట ఎప్పుడు నొక్కారో వరసగా జాబితా. పాత మెసేజ్ మీద నొక్కితే పేజీ ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే వెనక్కి వెళ్తుంది. కాలంలో వెనక్కి ప్రయాణం! మేం ముందుకి పోవడానికే ఛస్తుంటే వీళ్లు వెనక్కి కూడా పోతున్నారు.

సరే, ఈ భాషని ఏదో నిన్న పుట్టిన వింతలాగా చెప్పుకుంటున్నారు కదా, అది నాకు ఒళ్లు మంట. ఫంక్షన్లతోనే అంతా నడపాలన్న ఆలోచన కంప్యూటర్ కంటే ముందుది. అలోంజో చర్చ్ లాంబ్డా కాలిక్యులస్ 1930ల నాటిది. జాన్ మెకార్తీ లిస్ప్ 1958లో మొదలైంది. రాబిన్ మిల్నర్ బృందం ఎడిన్‌బరోలో ఎంఎల్ భాష చేసింది 1970ల్లో. హాస్కెల్ మొదటి నివేదిక 1990ది. 1995లో నెట్‌స్కేప్ వాళ్లు బ్రెండన్ ఐక్‌ని పనిలోకి తీసుకున్నది కూడా బ్రౌజర్లో స్కీమ్ పెట్టిస్తామన్న మాట మీదే. స్కీమ్ అంటే లిస్ప్ కుటుంబంలోదే. తీరా చేరాక, చూడ్డానికి జావాలా ఉండాలన్నారు. ఆయన ఆ మే నెలలో పది రోజుల్లో మొదటి రూపం తయారుచేశాడు. పైకి జావా వేషం వేసినా లోపల స్కీమ్ నుంచి తెచ్చిన ఫంక్షన్లు మిగిలాయి. ఆ మిగిలినవాటిని మేం తెలియకుండానే వాడాం, తెలియకుండానే దెబ్బలు తిన్నాం. లూపులో పది లింకులకి పది క్లిక్ ఫంక్షన్లు తగిలిస్తే, ఏ లింకు నొక్కినా చివరి నంబరే చూపించేది. లూపు తిరిగినా వేరియబుల్ ఒక్కటే, పది ఫంక్షన్లూ దాన్నే పట్టుకుని వేలాడుతున్నాయి. దీన్ని క్లోజర్ అంటారని మా ఫ్యాకల్టీకే తెలీదు. "సిస్టమ్ రీస్టార్ట్ చెయ్యండి" అన్నాడు.

ఎల్మ్‌లో ఈ గొడవ పుట్టే అవకాశమే లేదు. ఒకసారి పేరు పెట్టిన విలువ మళ్లీ మారదు. లూపే లేదు. జాబితాలో ప్రతిదానికీ ఏదైనా చెయ్యాలంటే మ్యాప్, ఏరాలంటే ఫిల్టర్, అన్నీ కలిపి ఒకటి చెయ్యాలంటే ఫోల్డ్. మా అమ్మాయి మొదటి వారం "ఫర్ లూప్ లేకుండా ఎలా మామయ్యా" అని ఏడ్చింది. పాత జాబితా మారదు, కొత్త జాబితా వస్తుంది అన్న సంగతి వంటబట్టాక ఏడుపు మానేసింది. ఇవాన్ చాప్లిక్కి అనే కుర్రాడు 2012లో హార్వర్డ్‌లో డిగ్రీ థీసిస్‌గా మొదలుపెట్టిన భాష ఇది. కంపైలర్ రాసింది హాస్కెల్‌లో, అది తయారుచేసి ఇచ్చేది జావాస్క్రిప్టు.

దాని కట్టుబాటు చూస్తే మాత్రం నాలాంటివాడికి నచ్చాల్సిందే. ప్రోగ్రామ్ మొత్తానికీ మూడు భాగాలు. మోడల్ అంటే ప్రస్తుతం ఉన్న స్థితి. వ్యూ ఆ స్థితిని చూసి పేజీ గీస్తుంది. వాడేవాడు ఏదైనా నొక్కితే మెసేజ్ వస్తుంది, అప్‌డేట్ ఆ మెసేజ్‌నీ పాత స్థితినీ తీసుకుని కొత్త స్థితి ఇస్తుంది. ఇంతకు మించి దొడ్డిదారి లేదు. సర్వర్‌ని ఏదైనా అడగాలంటే కూడా ఫలానాది కావాలని ఎల్మ్‌కి చెప్పుకోవాలి, జవాబు మళ్లీ మెసేజ్ రూపంలోనే వస్తుంది. మా రోజుల్లో స్థితి ఎక్కడుండేదంటే, కొంత దాచిన ఫారం గడుల్లో, కొంత గ్లోబల్ వేరియబుళ్లలో, కొంత బటన్ మీద రాసిన అక్షరాల్లో, మిగతాది చేసినవాడి బుర్రలో. వాడు ఉద్యోగం మారితే సైటు అనాథ.

పిల్లలు మొదట నేర్చుకునే పాఠం కూడా చూశాను. మధ్యలో ఒక అంకె, ఒక పక్క ప్లస్, ఒక పక్క మైనస్. మేం మొదట పెట్టుకున్న సొగసు, పేజీ అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకె. ఆ అంకె పెరగాలని మేమే రీఫ్రెష్ నొక్కుకునేవాళ్లం.

ఇదే మూడు భాగాల పద్ధతిని 2015లో జావాస్క్రిప్టు వైపు తెచ్చుకున్నదే రిడక్స్ అనే లైబ్రరీ. చేసినవాళ్లే ఎల్మ్ పేరు చెప్పుకున్నారు. రస్ట్ భాషవాళ్లు తమ ఎర్రర్ మెసేజ్‌లు దిద్దుకున్నప్పుడు ఎల్మ్‌ని చూసి నేర్చుకున్నామన్నారు. ఇంత చిన్న భాష నుంచి అంతమంది అప్పు తెచ్చుకున్నారు. మన సంస్థల బోర్డుల మీద మాత్రం దాని పేరు కనపడదు. అడిగిచూడండి, మొదటి ప్రశ్న "దీనికి ఓపెనింగ్స్ ఉన్నాయా?" లేవు, చాలా తక్కువ. మాకూ ఇదే జబ్బు ఉండేది, దాచను. అప్పట్లో కోబాల్ ఎందుకు నేర్చుకున్నారంటే వైటూకే. జావా ఎందుకంటే పక్కింటివాడు జావాతో అమెరికా వెళ్లాడు. ఇప్పుడు రియాక్ట్ ఎందుకంటే ఓపెనింగ్స్. భాష నేర్పేది ఏమిటని ఒక్కడూ అడగడు.

రియాక్ట్ వైపు పోయేవాళ్లకి నేనొక మాట చెప్తుంటాను. 2013లో అది బయటికొచ్చినప్పుడు క్లాసులతో రాయమన్నారు. 2019లో హుక్స్ వచ్చాక ఫంక్షన్లతో రాయమన్నారు. స్థితిని నేరుగా మార్చకు, కొత్తది చేసి ఇవ్వు అన్నారు. అంటే తిరిగి తిరిగి ఫంక్షనల్ గడప దగ్గరికే వచ్చారు. కాకపోతే అక్కడ నియమం తప్పితే కంపైలర్ ఆపదు, తెర తప్పు చూపించినప్పుడు మనమే వెతుక్కోవాలి. ఎల్మ్‌లో నియమం తప్పితే ప్రోగ్రామే తయారవదు. అందుకే ముందు ఇక్కడ ఆర్నెల్లు గడిపి, తర్వాత అక్కడికి పొమ్మంటాను.

ఇక ప్యాకేజీల పిచ్చి. 2016 మార్చిలో ఒక ప్రోగ్రామర్ తన ప్యాకేజీలన్నిటినీ జావాస్క్రిప్టు ప్యాకేజీల గోదాము ఎన్‌పీఎమ్ నుంచి తీసేశాడు. అందులో లెఫ్ట్‌ప్యాడ్ అని 11 లైన్లది ఒకటి. మాటకి ఎడమవైపు ఖాళీలు నింపడం దాని పని. అది పోయేసరికి ప్రపంచమంతా ఎక్కడెక్కడి ప్రాజెక్టులో బిల్డ్ కాకుండా ఆగిపోయాయి. ఎడమవైపు ఖాళీలు నింపడానికి పక్కవాడి గుమ్మం ఎక్కాలా? మా రోజుల్లో ఆ 11 లైన్లు ఎవడికి వాడు రాసుకునేవాడు, తప్పుగానే రాసుకునేవాడు, కానీ వాడి తప్పు వాడిదే. ఎల్మ్‌లో ఆ పని చేసే ఫంక్షన్ భాషతోపాటే వస్తుంది. పైగా ప్యాకేజీ కొత్త వెర్షన్‌లో ఏదైనా ఫంక్షన్ రూపం మార్చితే, వెర్షన్ మొదటి అంకె పెంచి తీరాలని పరికరమే పట్టుబడుతుంది. చిన్న మార్పేనని చెప్పి మన కొంప ముంచడం కుదరదు.

భాష కూడా నిలకడ మనిషి. 0.19 వచ్చింది 2018లో, 0.19.1 వచ్చింది 2019లో. ఆ తర్వాత ఏళ్ల తరబడి భాష అక్కడే ఉండిపోయింది. పిల్లలు దాన్ని "డెడ్" అంటారు. మేం ఒకే భాషని ఏళ్లకి ఏళ్లు వాడితే అనుభవం అనేవారు. ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ 0.19 వచ్చినప్పుడే జావాస్క్రిప్టుని నేరుగా లోపల కలుపుకునే దారి మూసేశారు, పోర్టుల గుండానే మాట్లాడమన్నారు. దానిమీద ఆధారపడిన కొందరు అలిగి వెళ్లిపోయారు. వాళ్ల అలక అన్యాయమని నేననను. కొత్తగా నేర్చుకునేవాడికి మాత్రం ఆ మూసిన తలుపు మేలే చేసింది.

నల్ సంగతి చెప్పకుండా వదిలితే నాకు నిద్ర పట్టదు. టోనీ హోర్ 1965లో ఆల్గోల్ డబ్ల్యూ భాష కోసం నల్ రెఫరెన్స్ పెట్టాడు. 2009లో ఆయనే దాన్ని తన వంద కోట్ల డాలర్ల పొరపాటన్నాడు. మధ్యలో ఆ నల్ తిన్నది మేమే. పేజీలో లేని గడిని పేరుపెట్టి పిలిస్తే నల్ వస్తుంది, దాని విలువ అడిగితే ఆ క్షణం నుంచి పేజీలో మిగతా స్క్రిప్టు ఆగిపోతుంది. ఎల్మ్‌లో నల్ లేదు. ఉంటుందో ఉండదో తెలియని విలువకి మేబీ అనే టైపు ఉంది. ఉంటే ఏం చెయ్యాలి, లేకపోతే ఏం చెయ్యాలి, రెండూ రాస్తేనే కంపైలర్ ఒప్పుకుంటుంది. ఒకటి మర్చిపోతే, ఫలానా సందర్భానికి మీరు జవాబు రాయలేదని పేరు పెట్టి మరీ చెప్తుంది. కొత్త మెసేజ్ ఒకటి చేర్చి, దాన్ని పట్టించుకోకుండా ఎక్కడ వదిలేశావో ఆ చోట్లన్నీ చూపిస్తుంది. రిజిస్ట్రారు ఆఫీసులో ఫైలు వెనక్కి ఇస్తూ ఏ కాగితం తక్కువైందో, అది ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పే గుమాస్తాని మీరెప్పుడైనా చూశారా? నేను ఆఫీసుల్లో చూడలేదు, ఈ కంపైలర్‌లోనే చూశాను.

అయినా వినరు! ఇదే నా గోడు. మూగ బ్రౌజర్ ముందు కూర్చుని ఒక్క పదం కోసం చెవులు రిక్కించినవాళ్లం మేం. "ఆబ్జెక్ట్ ఎక్స్‌పెక్టెడ్" అన్న రెండు మాటల్లోంచి జాతకం లాగేవాళ్లం. వీళ్లకి నిండు పేరా ఇచ్చి, సూచన ఇచ్చి, దగ్గరి పేర్లు ఇచ్చి "ఇదేమో అనుకున్నారా?" అని కూడా అడిగితే, ఎర్ర రంగు కనపడగానే కాపీ, పక్క కిటికీలో పేస్ట్. అక్కడినుంచి వచ్చిన జవాబు మళ్లీ కాపీ, మళ్లీ పేస్ట్. ఎర్ర రంగు పోయిందా, నేర్చేసుకున్నట్టే. ఏం నేర్చుకున్నావమ్మా అంటే "వర్క్ అవుతోంది మామయ్యా" అంటుంది. చీరల దుకాణం తీసివేత మీట కూడా వర్క్ అయింది.

ఇంకో మూఢనమ్మకం ఉంది. కంపైల్ అయితే చాలు, ఇక తప్పే ఉండదట. కంపైలర్‌కి తెలిసింది దానికి తెలుసు, తెలియంది తెలియదు. బటన్‌ని ఇంకో డబ్బా కిందకి నెట్టి కనపడకుండా చేసే సీఎస్ఎస్ రాయండి, అది మారు మాట్లాడదు. కలపాల్సిన చోట తీసివెయ్యండి, రెండూ పూర్ణాంకాలే కాబట్టి శుభం అంటుంది. మన భాష సంగతే చూడండి. పేరు గడిలో ఎక్కువలో ఎక్కువ ఇన్ని అక్షరాలే అని హద్దు పెట్టింది మా అమ్మాయి. "తెలుగు" పొడవెంత అని ఎల్మ్‌ని అడిగితే 6 అంటుంది. మన లెక్కకి మూడక్షరాలు. యూనికోడ్‌లో తలకట్టు తీసి పెట్టే గుణింతపు గుర్తులు వేరే విలువలు కాబట్టి ఆరు. "క్ష" ఒక్కటే మూడు. అదే మాటని తిరగేయమంటే గుణింతం విడిపోయి ముందు హల్లుకి అంటుకుంటుంది. టైపు ప్రకారం అంతా సవ్యమే, తెర మీద తెలుగు మాత్రం కుప్పకూలుతుంది.

ఇది నాకెలా తెలిసిందంటే, తెలుగు పేజీ చెయ్యడానికి మేం పడ్డ పాట్ల వల్ల. అప్పట్లో ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు. ఫాంటు దింపుకోకపోతే పేజీ నిండా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, ఎందుకంటే ఆ అక్షరాల స్థానంలోనే తెలుగు బొమ్మలు దాచారు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చి, యూనికోడ్ అలవాటయ్యాక గానీ ఒకచోట రాసిన తెలుగు ఇంకోచోట తెలుగులా కనపడలేదు. అక్షరం లోపల ఏముంటుందో మేం తప్పనిసరై తవ్వి చూశాం. వీళ్లకి తవ్వే అవసరం రాలేదు కాబట్టి అక్కడ ఏదో ఉందన్న అనుమానమే రాదు.

కాబట్టి అమ్మాయిలూ అబ్బాయిలూ, ఫ్రంట్ ఎండ్ మొదలుపెట్టేవాళ్లు ఎల్మ్ లాంటి భాషతోనే మొదలుపెట్టండి. ఓపెనింగ్స్ లేకపోయినా పర్లేదు, రియాక్ట్ ఎక్కడికీ పోదు. స్థితి ఒకచోట, మార్పు ఒకచోట, గీయడం ఒకచోట అన్న అలవాటు ఒంటికి పడితే ఏ భాషలోనైనా నిలబడుతుంది. హెచ్‌టీఎమ్ఎల్, సీఎస్ఎస్ మాత్రం చేత్తో రాసి నేర్చుకోండి, అందులో తప్పుకి ఏ కంపైలరూ పూచీ పడదు. ఎర్రర్ వచ్చినప్పుడు మొదటి లైను నుంచి చివరి సూచన దాకా చదవండి. మీ అంతట మీరు ఒకసారి దిద్ది చూడండి. అప్పటికీ కాకపోతే ఏఐని అడుగుతారో, మామయ్యని అడుగుతారో మీ ఇష్టం. చదవకుండా మాత్రం నా దగ్గరికి రాకండి.